జపాను చిత్రకథలలో విద్యార్థివీరులు

జపానుదేశమున మంగా యను పేర వ్యవహరింపబడు చిత్రకథావాఙ్మయము గలదు. ఆ పదమునకు స్వేచ్ఛగా గీచిన బొమ్మ యని యర్థము. 1814లో హొకుసాయి యను చిత్రకారుడు తన రేఖాచిత్రముల సంపుటములను హొకుసాయి మంగా యను పేర ప్రకటింప మొదలిడెను. నేడు కథను గడులుగా విభజించి బొమ్మతోను మాటతోను నడపు రచనకు మంగా యనునది రూఢినామము. ఈ వాఙ్మయమునందు శాఖలనేకములు. ఉన్నతపాఠశాలలయందు చేరియు చదువును మాని ముష్టియుద్ధముల జేయు బాలుర కథలు చెప్పునట్టి శాఖ వానిలో నొకటి. దానికి ఫుర్యో మంగా యని పేరు. ఫు యనునది సంస్కృతమునందలి నఞ్ వలె నిషేధమును దెలుపును. ర్యో యనగా మంచి. కావున ఫుర్యో యనగా మంచిది కానిది. బాలునియెడ వాడినపుడు దారితప్పినవాడు.

ఈ కథలను పైపైన జూచినవారికి కొట్లాట మాత్రమే కానవచ్చును. ఆ కొట్లాట దేనికొఱకని విచారించినచో నొక విశేషము తోచును. ఈ బాలురు ధనమునకై పోరరు, రాజ్యమునకై పోరరు, పెక్కుచోట్ల పగయును గారణము కాదు. ఎవ్వడు మొదటివాడు, ఎవ్వడు రెండవవాడు అను క్రమనిర్ణయమే వారి పోరాటమునకు ప్రయోజనము. పరీక్షలచే కడపటి వరుసకు త్రోయబడినవారు తమలో దాము వేఱొక వరుసను గట్టుకొనుటయే ఈ శాఖకు బీజము. ఆ వరుసయు మూడేండ్లకు మించి నిలువదనుట దానికి ఫలశ్రుతి. ఈ రెంటిని గుర్తించిననే యీ రచనల స్వరూపము బోధపడును.

పాఠశాలల తారతమ్యము

1947లో జపాను ప్రభుత్వము చేసిన పాఠశాలావిద్యాశాసనము ననుసరించి ప్రాథమికవిద్య యాఱేండ్లు, మధ్యమవిద్య మూడేండ్లు, ఉన్నతపాఠశాలావిద్య మూడేండ్లు. మొదటి తొమ్మిదేండ్ల చదువు నిర్బంధము. కడపటి మూడేండ్ల చదువు నిర్బంధము కాదు. దానికి ప్రవేశపరీక్ష గలదు. అయినను 1974 నాటికి మధ్యమవిద్య ముగించినవారిలో నూటికి తొంబదిమందికి పైగా నున్నతపాఠశాలలయందు చేరుచుండిరి. అందఱును జేరుచున్నపుడు చేరుట గొప్ప కాదు. ఏ పాఠశాలలో జేరిరనునదే గొప్ప యగును.

ఈ తారతమ్యమును గొలుచుటకు హెన్సాచి యను నంకె వాడుకలోనికి వచ్చెను. పరీక్ష వ్రాసినవారందఱ సగటును 50గా నుంచి, సగటునుండి యొక ప్రామాణిక విచలనమునకు 10 చొప్పున హెచ్చించియు తగ్గించియు ప్రతివిద్యార్థికి నొక యంకె గట్టుదురు. విద్యార్థికి గట్టిన యంకె క్రమముగా పాఠశాలకును గట్టబడెను. పాఠశాలలు నిచ్చెనమెట్లవలె నొకదానిపై నొకటిగా నిలిచెను. ఇట్టి యంకెలనిచ్చు ప్రైవేటు పరీక్షలను మధ్యమపాఠశాలలనుండి తొలగింపవలెనని 1993లో విద్యాశాఖ యాదేశించెను. కాని లోకుల మనస్సులలో మెట్లు పోలేదు. ఫుర్యో కథలలోని పాఠశాల లన్నియు నించుమించుగా నీ నిచ్చెన యడుగుమెట్టున నుండునవియే. అందు చేరినవానికి చదువుచే లభించు గౌరవము ముందే మూసికొనిపోయినది. గౌరవాపేక్ష మాత్రము మూసికొనిపోదు.

విద్యార్థియొక్క మోటుతనమును మెచ్చుకొనుట జపానులో క్రొత్త కాదు. మెయిజీ యుగమున పాశ్చాత్యవేషము దాల్చిన నాగరకుని హైకరా యనిరి. ఎత్తైన కంఠపట్టీ యను నాంగ్లపదమునుండి యది పుట్టెను. దానికి ప్రతిగా మోటుతనమును దెలుపు బన్ యను మాటను చేర్చి బంకరా యను పదమును గల్పించిరి. చినిగిన టోపియు, మాసిన యుడుపును, కొయ్యపాదుకలును నాటి యున్నతవిద్యార్థులకు బంకరా లక్షణములు. వారు చదువులో నగ్రగణ్యులు. లోకము తమదేయను ధీమాతో మోటువేషము వేసినవారు. ఫుర్యో బాలుని వేషము దానికి వంశజమే యైనను, వేసినవాని స్థితి తలక్రిందైనది.

ఆ వేషమునకు ముఖ్యాంగము గకురన్ అను నల్లని యుడుపు. గకు యనగా విద్య. రన్ అనునది హాలండుదేశమును దెలుపు నక్షరము, లక్షణచేత పాశ్చాత్యవస్త్రము. సైనికుల యుడుపు ననుకరించి యేర్పఱచిన యీ సమవస్త్రమును ఫుర్యో బాలురు మోకాళ్లవఱకు సాగదీసియు, నడుముదాక కుదించియు తమకు నచ్చినట్లు మార్చుకొందురు. పాఠశాలానియమమును పూర్తిగా విడువక, దానినే వికృతి నొందించి ధరించుట గమనింపదగినది.

పదములు, వాని మూలములు

ఈ శాఖయందలి పరిభాష పండితుల దృష్టికి దగియున్నది. పాఠశాలయందలి పోటుగాండ్రకు నాయకుడు బంచో. చో యనగా నధిపతి. బాలికలలో నట్టి నాయకురాలు సుకెబన్. ఒకనితో నొకడు, ఆయుధము లేక, ఇతరుల తోడ్పాటు లేక చేయు ద్వంద్వయుద్ధము తైమన్. తైమన్‌లో నోడినవాడు గెలిచినవానిని మన్నించుటయు, గెలిచినవాడు పడినవానిని కొట్టకుండుటయు వ్రాయని ధర్మములు. ఈ ధర్మములను మీఱినవాడే కథలో దుష్టుడు; కొట్లాడుట దోషము కాదు.

భారతీయమూలముగల మాటలు నిందు గలవు. అల్లరిపిల్లవానిని గకి యందురు. ఇది బౌద్ధగ్రంథములలో ప్రేతశబ్దమునకు భాషాంతరముగా చీనాలో నేర్పడిన మాట. ఎల్లప్పు డాకలిగొనియుండు ప్రేతమునకును, తిండికై యేడ్చు పిల్లవానికిని పోలిక చూచి జపానీయులు వాడుక చేసికొనిరి. నలుగురు మేటి యోధులను కలిపి షితెన్నో యందురు. దిక్పాలకులైన ధృతరాష్ట్ర విరూఢక విరూపాక్ష వైశ్రవణులను నలువురు మహారాజులకు బౌద్ధులు వాడు పేరది. టోకియోనగరపు నాలుగు పేటలకు నలుగురు విద్యార్థివీరులను నాయకులుగా జేసి యీ బిరుద మిచ్చిన కథ యొకటి గలదు. దాని ప్రస్తావన ముందు వచ్చును. స్వస్తికమును మంజి యందురు. జపాను పటములలో నది బౌద్ధాలయమునకు గుఱుతు. తోక్యో రివెంజర్స్ అను కథలో బాలుర దండునకు నిదియే చిహ్నము. 2021లో నా కథ చలచ్చిత్రమాలికగా విదేశములలో ప్రదర్శింపబడినపుడు, నాజీల గుఱుతుతో భ్రాంతి కలుగునని యా చిహ్నమును మఱుగుపఱచిరి.

వీరి వ్రాతయు విలక్షణము. మోటారుసైకిళ్ల దండులవారు తమ యుడుపులమీదను ధ్వజములమీదను మాటలను విచిత్రలిపితో వ్రాసికొందురు. యొరొషికు యనునది దయయుంచుడను సామాన్యమైన మర్యాదమాట. దానిని వారు రాత్రి, మంచు, చావు, దుఃఖము అను నాలుగు చీనా యక్షరములతో వ్రాయుదురు. ధ్వని మర్యాదను జెప్పును. లిపి మరణమును జెప్పును. శబ్ద మొకటియై యర్థము రెండగుటచే నిది శ్లేషకు దగ్గఱిది. కన్నులకే గోచరించుటచే దానికి భిన్నమైనది. చదువురానివారని త్రోయబడిన బాలురు ఘనమైన యక్షరములను వెదకి కూర్చుకొనుటలో నొక పట్టుదల యున్నది. తమ్ము విడిచిన విద్యను వారు పూర్తిగా విడువలేదు.

కథాపరంపర

ఈ శాఖకు త్రోవజూపిన రచనలలో మోతోమియా హిరొషి వ్రాసిన ఒతొకొ ఇప్పికి గకి దాయిషో ముఖ్యమైనది. ఇది 1968 మొదలు 1973 వఱకు షోనెన్ జంప్ పత్రికలో వెలువడెను. తొగవా మన్కిచి యను పల్లెబాలుడు తన ధైర్యముచేత ననేకపాఠశాలల నాయకులను తన పక్షమునకు ద్రిప్పుకొనుట యిందలి యితివృత్తము. కథ పెరిగినకొలది బాలనాయకుడు దేశమంతటికి నాయకుడగును. ఇది దిగ్విజయకావ్యముల పోకడ.

1983లో యంగ్ మాగజీన్ పత్రికయందు కియుచి కజుహిరొ ప్రారంభించిన బీ-బాప్ హైస్కూల్‌తో పోకడ మాఱెను. అందలి నాయకు లిద్దఱును తరగతి తప్పినవారు. దిగ్విజయమునకు మాఱుగా వీథిలోని చిన్న తగవులును, గొప్పలును, భయములును, హాస్యమును కథావస్తువులాయెను. 1988 మొదలు 1997 వఱకు మొరితా మసనొరి వ్రాసిన రొకుదెనషి బ్లూస్‌లో నాయకుడు మయెదా తైసొన్ ముష్టియుద్ధక్రీడయందు ప్రపంచవిజేత కావలెనని కోరును. పైని చెప్పిన నలుగురు మహారాజుల బిరుద మీ కథలోనిదే. అదే కాలమున నిషిమొరి హిరొయుకి వ్రాసిన క్యో కరా ఒరె వా యను హాస్యకథలో నిద్దఱు సాధుబాలురు క్రొత్తపాఠశాలకు మాఱుచు, నేటినుండి తాము దుష్టులమని నిశ్చయించుకొని తలకట్టు మార్చుకొందురు. దౌష్ట్య మొక భూమిక, దానికి నేపథ్యము కావలయునను నెఱుక యిచ్చట స్పష్టమైనది.

సుజురన్ పాఠశాల

ఈ శాఖ కంతకును లక్ష్యముగా జెప్పదగినది తకహాషి హిరొషి రచించిన క్రోస్. ఇది 1990 మొదలు 1998 వఱకు అకితా షోతెన్‌వారి షోనెన్ చాంపియన్ మాసపత్రికలో వెలువడి 26 సంపుటములుగా నేర్పడెను. క్రోస్ అనగా కాకులు. సుజురన్ అను బాలుర యున్నతపాఠశాలకు కాకుల బడి యని యపకీర్తి. సుజురన్ అనునది యొక సుకుమారపుష్పము పేరు. గంట, సీతాళి పువ్వు అను రెండక్షరముల కలయిక. దీనికి ప్రతిపక్షమైన హోసెన్ పాఠశాల పేరు కాశీతుంబపువ్వు పేరిలోనిది. అతికఠోరులైన బాలుర నివాసములకు పూల పేళ్లు పెట్టుటలో గ్రంథకర్త చమత్కారము కలదు.

ఈ పాఠశాలకు రెండవతరగతి విద్యార్థిగా బోయా హరుమిచి వచ్చి చేరుటతో కథ ప్రారంభము. సుజురన్‌లో పెక్కు పక్షములు గలవు. పాఠశాలను మొత్తముగా నేలినవా డంతవఱకు లేడు. బలహీనుడైన యసుదా యసువొ యను బాలుడు హరుమిచికి తొలిమిత్రుడగును. బందో హిదెతొ యను పక్షనాయకుడు మొదట శత్రువై తరువాత మిత్రుడగును. శత్రువు మిత్రుడగుట యిందు మాటిమాటికి జరుగును. ద్వంద్వయుద్ధమున నొకని నొకడు పరీక్షించుకొనుటయే యిచ్చట పరిచయము.

ఈ కథలో ఉపాధ్యాయుడు కానవచ్చుట మిక్కిలి యరుదు. తల్లిదండ్రులు నట్లే. స్త్రీపాత్రలు దాదాపుగా లేవు. తరగతిగది యున్నది, పాఠము లేదు. నల్లబల్ల యున్నది, వ్రాయువాడు లేడు. దీనిని గ్రంథకర్త యశ్రద్ధగా భావింపరాదు. పెద్దలు వెడలిపోయిన చోట బాలురు తమకు దామే ధర్మమును గల్పించుకొనవలసినచో నెట్టిధర్మము పుట్టునను పరీక్ష కిది యావశ్యకమైన కల్పన. పుట్టిన ధర్మము కఠినమైనదియే. కాని ధర్మరాహిత్యము కాదు.

శూన్యసింహాసనము

ఈ కథలోని విశేష మేమనగా, సింహాసనమున కర్హుడు దానిని గోరడు. సుజురన్‌లో నందఱికంటె బలవంతుడని పేరొందినవాడు రిందామన్. అతని యసలుపేరు హయషిదా మెగుమి. అతడేపక్షమునను జేరడు, ఎవ్వరిని నేలగోరడు. హరుమిచియు నంతే. తన్ను గెలువవచ్చినవానితో పోరును, మిత్రునికి కీడు చేసినవానితో పోరును. గెలిచిన పిదప నధికారము స్వీకరింపడు. అందఱును గోరు స్థానము మధ్యలో శూన్యముగా నుండును. దానిచుట్టు పోరు జరుగుచుండును.

2007లో మియికె తకషి దర్శకత్వమున వెలువడిన క్రోస్ జీరో యను చలచ్చిత్రముతో బోల్చినచో నీ విశేషము స్ఫుటమగును. హరుమిచి రాకకు ముందటి సుజురన్‌ను చూపు నీ చిత్రమునకు నాయకుడు తకియా గెంజి, మూలకథలో లేనివాడు. ఒగురి షున్ ఆ పాత్రను ధరించెను. గెంజి తండ్రి నేరస్థుల కూటమున కధిపతి. తాను విద్యార్థిగా నున్నపుడు సుజురన్‌ను జయింపలేకపోయినవాడు. కొడుకు జయించినచో కూటమినాయకత్వ మిచ్చెదనని యతని ప్రతిజ్ఞ. ఇట్లు చిత్రమునందు పోరాటమునకు దాయము కారణమైనది. పల్నాటివీరుల కథలో కోడిపోరును రాజ్యభాగమును కారణములై నట్లే యిదియు లోకప్రసిద్ధమైన కారణము. ప్రేక్షకునికి సులభముగా దెలియును. మూలగ్రంథమునం దీ యాధారము లేదు. ఫలాపేక్ష లేని పోరు కావుననే యది వింతగా దోచును, మనస్సున నిలుచును.

రసదృష్టితో జూచినచో నిందు యుద్ధవీరమే యంగి, ఉత్సాహము స్థాయి. హాస్య మంగముగా నెల్లెడల వ్యాపించియుండును. భీకరమైన పోరు ముగిసిన వెంటనే వాచిన మొగములతో బాలురు పరిహాసము లాడుకొందురు. బొమ్మలలో దెబ్బల చప్పుడును బకి, దొగా మున్నగు ననుకరణశబ్దములతో పెద్దయక్షరములుగా గీయుదురు. ఆ యక్షరములు దెబ్బ తగిలినవైపునకు వాలి, పగిలినట్లుండును. అనుకరణశబ్దము చెవికే కాక కంటికి నుద్దీపనమగుట యీ వాఙ్మయమునందలి సొంపులలో నొకటి.

మూడేండ్ల గడువు

ఇతరవీరకథలలో వీరునికి గడువు మృత్యువు. ఇచ్చట గడువు పాఠశాలాసమాప్తి. జపానులో చదువుటేడు ఏప్రిలులో మొదలై మార్చిలో ముగియును. ఉన్నతపాఠశాల మూడేండ్లు. ఎంతటి బంచోయైనను మూడవయేటి మార్చినెలలో గకురన్ విప్పి వెడలిపోవలసినదే. ఆనాడు బాలుని యుడుపున రెండవ బొత్తామును బాలిక లడిగి తీసికొను నాచారము గలదు. ఏప్రిలులో క్రొత్తవారు వత్తురు. వరుస మఱల మొదటినుండి కట్టవలసియుండును. హరుమిచి యను పేరు వ్రాయు నక్షరములకు వసంతము, మార్గము అని యర్థము. వసంతమున వచ్చి వసంతమున వెడలువానికి నది తగిన పేరు.

తకహాషి 2001 మొదలు 2013 వఱకు వర్స్ట్ అను పేర 33 సంపుటములుగా నీ పాఠశాలయొక్క తరువాతి కథను వ్రాసెను. అందు నాయకుడు త్సుకిషిమా హనా, కొండపల్లెనుండి వచ్చినవాడు. తాను బంచో నగుదునని బాహాటముగా జాటును. హరుమిచి యప్పటికి పేరుగా మిగిలినవాడు. ముందటి గ్రంథమున వద్దన్న స్థానమును కోరువాడు రాగా, దాని కర్హత యేమను ప్రశ్న క్రొత్తగా బుట్టును. ఈ రెండుగ్రంథములను వరుసగా జదివినవారికి వ్యక్తులు పోవుచుండుటయు, పాఠశాల నిలుచుటయు ప్రధానానుభవము.

వకుయి కెన్ రచించిన తోక్యో రివెంజర్స్ 2017 మొదలు 2022 వఱకు వెలువడి 31 సంపుటములైనది. 2020లో కోదన్‌షా మంగా పురస్కారము నందెను. ఇందు మధ్యమపాఠశాలాబాలుర దండులే యున్నను గడువును గూర్చిన భావన మఱింత విశదము. హనగకి తకెమిచి యిరువదియాఱేండ్లవాడు, బ్రదుకున నోడిపోయినవాడు. అతడు పండ్రెండేండ్లు వెనుకకు, 2005వ సంవత్సరమునకు, తన బాల్యమునకు జేరి, చనిపోవలసినవారిని గాపాడ యత్నించును. తకెమిచి యనగా యుద్ధమార్గము; పేరట్టిదైనను పోరున నతడు దుర్బలుడు. ఎన్నిమాఱులు పడినను లేచుటయే యతని బలము. దాటిపోయిన గడువును వెనుకకు ద్రిప్పవలెనను కోరికయే యిచ్చట కథయైనది.

ఆక్షేపమును సమాధానమును

ఇట్టి కథలు బాలురను కొట్లాటకు బురికొల్పునని యాక్షేపింతురు. ఆక్షేపము నిరాధారము కాదు. కథలో దెబ్బలు తిన్నవాడు మఱునాడు లేచి తిరుగును. లోకములో నొక్క పిడిగ్రుద్దు ప్రాణము దీయగలదు. ఈ భేదమును గ్రంథము చెప్పదు. 1980వ దశకపు తొలియేండ్లలో జపాను మధ్యమపాఠశాలలయందు బాలురు గురువులపై జేయిచేసికొనుట పెచ్చుపెరిగి, కొన్నిచోట్ల సమాప్త్యుత్సవములకు పోలీసులు కావలియుండిరి. బోసోజొకు లనబడు మోటారుసైకిళ్ల దండులవారు 1982లో 42 వేలకు మించిరి. అవి నిజమైన గాయములు.

కాని యా దండులవారి సంఖ్య 1982 తరువాత తగ్గసాగెను. క్రోస్ మొదలగునవి ప్రసిద్ధికెక్కినది 1990వ దశకమున. లోకమున నాచారము సన్నగిల్లుచుండగా కథలో నది శోభిల్లెను. వీరయుగము గడచిన పిదపనే వీరగాథ పూర్ణరూపము దాల్చుట యనేకదేశముల వాఙ్మయచరిత్రలో గానవచ్చునదే. ఈ గ్రంథములను వర్తమానవృత్తాంతములుగా గాక, గతించినదాని యాదర్శీకరణముగా జదువుట యుక్తము. సాధువులైన బాలురు, ఉద్యోగస్థులైన పెద్దలు గూడ వీనిని జదువుట కిది యొక హేతువు.

పాఠశాలలతో సంబంధము గలవారికి వీనివలన దెలియవలసిన దొకటి గలదు. అంకెలచేత గట్టిన వరుసలో కడపట నిలుచువాడు తప్పక యొకడుండును. సగటు 50 కావలెనన్న దానికి దిగువ గొందఱుండక తీరదు. వారు గౌరవాపేక్షను చంపుకొనరు. చదువులో దొరకనిదానిని పిడికిటిలో వెదకుదురు. సుజురన్ పాఠశాలలో గురువు కానరాకుండుటను నిందగా నెంచుట కంటె ప్రశ్నగా నెంచుట మేలు. ఆ గదిలోనికి గురువు వచ్చి నిలిచినచో కడపటివానికి మొదటివానితోపాటు నీయదగిన గౌరవమేది యను నా ప్రశ్నకు గ్రంథము సమాధానము చెప్పలేదు. అది చెప్పవలసినవారు గ్రంథమునకు వెలుపల నున్నవారు.